ఆశ్రమం వద్దు టీచర్ గారూ, అద్దెకివ్వండి

ప్రశ్న: ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. తిరుపతిలో సొంత ఇల్లు. భర్త పోయి ఆరేళ్ళయింది, అబ్బాయి బెంగళూరులో ఉంటాడు. కింద నేనుంటాను, పైన రెండు గదుల పోర్షన్ ఖాళీ. ఉగాది వెళ్ళిన వారానికి ఒక రాత్రి నా పాత విద్యార్థిని వచ్చి తలుపు కొట్టింది. పుత్తూరు వైపు పల్లె వాళ్ళది. ఇంటర్ మొదటి ఏడాదిలో, పదిహేడు నిండగానే మేనమామకిచ్చి చేశారు. ఒంటిమీద దెబ్బలు చూశాను. ఎవరికీ చెప్పకుండా పదకొండు రాత్రులు పైగదిలో ఉంచుకున్నాను. పన్నెండో రోజు భర్త, తండ్రి పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చారు. ఇక చెయ్యి చేసుకోనని అతని చేత నా ముందే ఒట్టు వేయించారు. ఆమె తల వంచుకుని వాళ్ళ వెంట వెళ్ళిపోయింది, నేను ఆపలేదు. ఆ ఒట్టు నెల కూడా నిలవలేదు. పాలు పోయడానికి కేంద్రానికి వెళ్ళినప్పుడు అక్కడ ఎవరి ఫోనో అడిగి తీసుకుని అప్పుడప్పుడు మాట్లాడుతుంది, రెండు మూడు నిమిషాలు. భోగి నాడు పుట్టిన పిల్ల, వచ్చే భోగికి ఇరవై నిండుతాయి. ఇలాంటి ఆడపిల్లల కోసం పై పోర్షన్లో చిన్న ఆశ్రమం పెట్టాలని నా కోరిక. కేసులు మెడకు చుట్టుకుంటాయని మా అబ్బాయి భయపెడుతున్నాడు. ఆమెను పంపించి తప్పు చేశానా? ఆశ్రమం ఎలా మొదలుపెట్టాలి?

సమాధానం:

టీచర్ గారూ,

మీ అబ్బాయి మాటలో సగం నిజం ఉంది. ముందు ఆ సగం చెప్పేస్తాను, తర్వాత మనం తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

మీ ఇంటికి వచ్చిన అమ్మాయికి పద్దెనిమిది దాటాయి. ఎక్కడ ఉండాలో, ఎవరితో ఉండాలో తేల్చుకునే హక్కు ఆమెది. మా పిల్లను దాచారని ఎవరు ఫిర్యాదు చేసినా, ఆమె పోలీసుల ముందో మేజిస్ట్రేటు ముందో నిలబడి నా ఇష్టంతోనే ఉన్నానంటే మీకు వచ్చే ముప్పు లేదు. మీ పొరపాటల్లా ఆ మాటను మొదటి రోజే ఆమె చేత కాగితం మీద రాయించి, స్టేషనులో ఇప్పించి, అందినట్టు సంతకం తీసుకోకపోవడం. గుట్టుగా ఉంచేసరికి మీరిద్దరూ ఏదో తప్పు చేసినవాళ్ళలా నిలబడవలసి వచ్చింది, వచ్చినవాళ్ళు న్యాయం చెప్పేవాళ్ళయ్యారు.

పద్దెనిమిది నిండని పిల్ల వస్తే లెక్క వేరు. దిక్కులేకుండా వచ్చిన పిల్ల గురించి 24 గంటల్లోగా పిల్లల హెల్ప్‌లైను 1098కి గానీ, పోలీసులకు గానీ, బాలల సంక్షేమ కమిటీకి గానీ తెలపాలి. లైంగిక దాడి జరిగిందని తెలిసీ ఊరుకుంటే పోక్సో చట్టం కింద ఆ ఊరుకోవడమే నేరం. ఇలాంటి పిల్లలను ఉంచుకునే గృహానికి 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. లేకుండా నడిపితే ఏడాది వరకు జైలు గానీ లక్షకు తగ్గని జరిమానా గానీ పడుతుంది, రెండూ కూడా పడవచ్చు. ఇద్దరు ముగ్గురు పిల్లలే కదా, మన ఇల్లే కదా అంటే చట్టం వినదు. వినకపోవడమే మంచిది కూడా. జాలిపడి చేరదీశామని చెప్పిన ఇళ్ళలో పిల్లల చేత అంట్లు తోమించడం దగ్గర నుంచి నోటితో చెప్పలేనివాటి దాకా చూశాను.

ఇక, తప్పు చేశానా అని అడిగారు. నేను ఒక మహిళా వసతి గృహంలో పద్నాలుగేళ్ళు పనిచేశాను. మొదట వార్డెనుగా, తర్వాత కౌన్సెలరుగా. ఇల్లు వదిలి వచ్చి, ఒక్కసారి కూడా వెనక్కి వెళ్ళనివాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టగలను. చెల్లెలి పెళ్ళి ఆగిపోతుందని ఒకరు వెళ్తారు, అమ్మకు బాగాలేదని కబురొస్తే ఒకరు వెళ్తారు. తను పెంచిన ఆవు ఈనిందని తెలిసి వెళ్ళిపోయిన అమ్మాయి కూడా ఉంది. నవ్వకండి. ఆ ఇంట్లో ఆమెను చూసి తల ఊపిన ప్రాణి అదొక్కటే. ఇలా వెళ్ళినవాళ్ళలో మళ్ళీ మా గేటు దాకా వచ్చినవాళ్ళు ఎవరంటే, వెళ్ళేటప్పుడు మేము తిట్టకుండా పంపినవాళ్ళు. "మళ్ళీ ఏ మొహం పెట్టుకుని వస్తావు" అనిపించుకున్నవాళ్ళు రాలేదు. అలా అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను, ఉద్యోగంలో చేరిన కొత్తలో. మీ శిష్యురాలు ఇప్పటికీ ఫోను చేస్తోందంటే ఆ రోజు మీ నోటి నుంచి అలాంటి మాట రాలేదనే అర్థం. ఆపలేదని బాధపడుతున్నారు గానీ, నలుగురు మగవాళ్ళ ముందు ఆమెను మీరు ఒక చెయ్యి, వాళ్ళు ఒక చెయ్యి పట్టి లాగి ఉంటే ఆ ఫోను వచ్చేది కాదు.

ఆ రెండు మూడు నిమిషాల గురించే ఎక్కువ చెప్పాలనుంది. పాల కేంద్రంలో చుట్టూ మనుషులుంటారు. క్యాను మూత చప్పుడు, వెన్న శాతం చూసేవాళ్ళ హడావుడి, వెనక వరసలో అత్తగారి తరపు ఎవరో ఒకరు. అక్కడ ఆమె "ఆ", "ఊ" తప్ప ఏమీ అనలేదు. కాబట్టి మాట్లాడవలసింది మీరు, ఒక్కో ఫోనుకు ఒక్క సంగతి. మొదటిసారి కాగితాలు. ఆధార్, పదో తరగతి మెమో, బ్యాంకు పుస్తకం ఎక్కడున్నాయో చూసుకోమనండి. తీసుకోవడం కుదరకపోతే నంబర్లయినా ఒక పుస్తకం చివరి పేజీలో రాసుకోమనండి. మరోసారి 181, 112 నోటికి వచ్చాయో లేదో అడగండి. 181 మహిళల హెల్ప్‌లైను, 112 అత్యవసరానికి. ఇంకోసారి మీ ఇద్దరికీ ఒక గుర్తుమాట. మీరు తెలుగు టీచరు, ఆమె మీ విద్యార్థిని. "టీచర్, అర్థం అనే మాటకు థ ఒత్తా, ధ ఒత్తా?" అని అడిగిందంటే ఆ క్షణమే మీరు 112కు ఫోను చేసి ఊరి పేరు, ఇంటి ఆనవాలు చెప్పాలి. పక్కన ఎవరు విన్నా అది చదువు గోలే అనుకుంటారు.

ఒక్కటి మాత్రం అనకండి, "వచ్చేయ్" అని. మీకు గొంతు దాకా వస్తుంది, తెలుసు. ఇల్లు దాటే రోజు, దాటిన తర్వాతి రోజులు దెబ్బల కంటే పెద్ద ప్రమాదం ఉండే రోజులు. అది ఏ రోజో ఆమెకు తెలిసినంతగా మీకు గానీ నాకు గానీ తెలియదు. అతను ఏ వారం ఊళ్ళో ఉండడో, అత్త ఏ పూట నిద్రపోతుందో ఆమె దగ్గర లెక్క ఉంటుంది. మొదటిసారి రాత్రిపూట ఒంటరిగా బస్సెక్కి మీ వీధి వెతుక్కుంటూ వచ్చిన పిల్ల కదా.

ఆమెకు చెప్పి తీరవలసిన విషయం ఒకటుంది, దానికి గడువుంది. బాల్యవివాహాల నిషేధ చట్టం, 2006 ప్రకారం పద్దెనిమిది నిండకుండా జరిగిన పెళ్ళిని రద్దు చేయమని ఆ అమ్మాయే కోర్టును అడగవచ్చు. జిల్లా కోర్టులో అడగాలి, కుటుంబ న్యాయస్థానం ఉన్నచోట అక్కడ. అయితే ఇరవై ఏళ్ళు నిండేలోపే ఆ పిటిషన్ పడాలి. రద్దు చేసేటప్పుడు పెళ్ళిలో పెట్టిన నగలు, డబ్బు, వస్తువులు తిరిగి ఇవ్వమని కోర్టు ఆదేశిస్తుంది. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకునేవరకు ఖర్చులకు ఇవ్వమనవచ్చు, ఉండడానికి చోటు చూపమనవచ్చు. విడాకులకూ దీనికీ తేడా ఉంది. విడాకుల్లో అతను ఏం చేశాడో ఒక్కొక్కటిగా చెప్పాలి, నిరూపించాలి, ఎదుటి లాయరు వంకర ప్రశ్నలు భరించాలి. ఇక్కడ నిరూపించవలసినవి ముఖ్యంగా రెండే, పెళ్ళి తేదీ, పుట్టిన తేదీ. మన జిల్లాల్లో ఇన్ని మేనరికాలు, ఇన్ని పదిహేడేళ్ళ పెళ్ళిళ్ళు జరుగుతున్నా ఈ దారి తెలిసినవాళ్ళు తక్కువ. తెలిసేసరికి ఇరవై దాటిపోతుంది.

ఆ గడువు దాటినా దారులు మూసుకుపోవు. గృహహింస చట్టం, 2005 ఉంది. కొట్టకుండా రక్షణ ఉత్తర్వు, ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులు అన్నీ ఒకే దరఖాస్తుతో మేజిస్ట్రేటును అడగవచ్చు. పెద్దమనుషులు వేయించిన ఒట్టు తప్పితే అడిగే నాథుడు లేడు. కోర్టు ఇచ్చిన రక్షణ ఉత్తర్వు తప్పితే ఏడాది వరకు జైలు. లాయరు ఫీజు గురించి దిగులు వద్దు. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సహాయం ఉచితం, కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో అడగాలి. ఫోనులో అయితే 15100. ఈసారి గాయాలతో వస్తే ఇంట్లో వెన్న రాసి పడుకోబెట్టకండి. రుయా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళి, ఎలా తగిలాయో ఉన్నదున్నట్టు చెప్పించి, మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకూ కోర్టుకూ పనికొచ్చేలా, రాయించండి. నాలుగు రోజులకు మచ్చ మాసిపోతుంది, ఆసుపత్రి రిజిస్టరులో రాత మాసిపోదు.

ఇప్పుడు మీ ఆశ్రమం సంగతి.

ఇల్లు దాటి వచ్చిన మనిషికి మొదటి చోటు ఇప్పటికే ఉంది. అదే వన్ స్టాప్ సెంటర్. 2015లో మొదలైన పథకం, సాధారణంగా పెద్దాసుపత్రి ఆవరణలోనో దాని దగ్గరలోనో ఉంటుంది. 181కి ఫోను చేస్తే దారి చూపుతారు. వైద్యం, పోలీసు ఫిర్యాదు, లాయరు, కౌన్సెలింగ్ ఒకేచోట దొరుకుతాయి, ఐదు రోజుల వరకు ఉండనిస్తారు. ఆ తర్వాత శక్తి సదన్. మునుపు స్వధార్ గృహాలనేవాళ్ళు, 2022లో మిషన్ శక్తి అనే కేంద్ర పథకం కింద, అమ్మాయిల అక్రమ రవాణా బాధితుల కోసం ఉన్న ఉజ్వల గృహాలతో కలిపి పేరు మార్చారు. అక్కడ నెలల తరబడి ఉండవచ్చు. ఇవి గొప్పగా ఉన్నాయని నేననను. మంచాలు చాలవు, కౌన్సెలరు పోస్టు ఖాళీ అయితే నిండదు. అయినా ఆ మొదటి రోజుల పని మీ రెండు గదుల వల్ల కాదు. గేటు దగ్గర కాపలా కావాలి, అర్ధరాత్రి డాక్టరు కావాలి, తాగి వచ్చి రాళ్ళు వేసేవాణ్ణి పట్టుకోవడానికి కానిస్టేబులు కావాలి. మీకు అరవై దాటాయి.

ఇంకో కారణం కూడా ఉంది, అది నా సొంత అనుభవం. మేము ఉండే గృహానికి లోపల ఒక గ్రిల్లు, బయట ఒక గేటు. రాత్రి ఎనిమిదికి రెండింటికీ తాళం పడేది. తాళాల గుత్తి నా నడుముకే ఉండేది, నడుస్తుంటే గలగలమనేది. ఒక రాత్రి తాళం వేస్తుంటే కొత్తగా వచ్చిన పిల్ల గ్రిల్లు అవతల నిలబడి, కోపం లేకుండా, మామూలుగా అంది: "మా ఇంట్లోనూ బయట నుంచే వేసేవాళ్ళు మేడం." నాకు ఆ రోజు నిద్ర పట్టలేదు. మర్నాడు పైవాళ్ళకు చెబితే, పిల్ల తప్పిపోతే జవాబు ఎవరు చెబుతారని నా మీదే లేచారు. వాళ్ళ మాటా నిజమే. ఆ తాళం అలాగే ఉంది. గుత్తిని మాత్రం నేను నడుము నుంచి తీసి బల్ల సొరుగులో పెట్టాను, అంతకు మించి ఏమీ చేయలేకపోయాను. మంచి మనసుతో పెట్టిన ఆశ్రమాలు కూడా ఆఖరికి ఈ గ్రిల్లు దగ్గరికే వస్తాయి. పుట్టినరోజు పేరుతో అరటిపళ్ళు పంచడానికి వచ్చి పిల్లలతో ఫోటోలు దిగేవాళ్ళ దగ్గరికీ వస్తాయి. ఆ పిల్లల ఆనవాళ్ళు బయటపెట్టడం నేరమని దాతలకు చెబితే నాకే పొగరన్నారు.

మరి లేనిది ఏమిటంటే, శక్తి సదన్ నుంచి బయటికి వచ్చిన రోజున దొరకవలసిన అద్దె గది.

ఇది నేను వందసార్లు తిరిగి చూసిన విషయం. కోర్టు ఉత్తర్వు వస్తుంది, గాంధీ రోడ్డు బట్టల కొట్లోనో ఆసుపత్రిలోనో పని దొరుకుతుంది, శ్రీసిటీ కంపెనీలకు బస్సెక్కే పిల్లలూ ఉన్నారు. చేతిలో మొదటి జీతం ఉంటుంది. గది మాత్రం దొరకదు. "ఆయన ఏం చేస్తారమ్మా?" అని అడుగుతారు. లేడంటే "పెద్దవాళ్ళెవరైనా వస్తారా?" అంటారు. రారంటే పోర్షన్ మొన్ననే ఎవరికో మాటిచ్చేశామంటారు. గేటుకు టులెట్ బోర్డు అలా వేలాడుతూనే ఉంటుంది. మా దగ్గర ఏడాదిన్నర ఉండి, కంప్యూటర్ నేర్చుకుని, ఉద్యోగం తెచ్చుకున్న అమ్మాయి తొమ్మిది ఇళ్ళు తిరిగి, పదో రోజు కొట్టే మొగుడి దగ్గరికే వెళ్ళింది. చూపించడానికి ఒక చిరునామా ఉంటుందని.

మన పునరావాసమంతా కుట్టుమిషన్ దగ్గర మొదలై కుట్టుమిషన్ దగ్గరే ఆగుతుంది. కుట్టుపని చిన్నదని అనడం లేదు, ఇష్టమున్నవాళ్ళు దానితోనే ఇళ్ళు కట్టారు. అయితే సూదిలో దారం ఎక్కించడానికే చేతులు వణికే పిల్లకూ అదే, లెక్కల్లో నూటికి తొంభై తెచ్చుకున్న పిల్లకూ అదే. ఆ మిషన్ ఏ గదిలో పెట్టుకుని తిప్పాలి అంటే జవాబు లేదు.

అందుకే, మీ పై పోర్షన్‌ను అద్దెకివ్వండి. ఊరికే ఇవ్వకండి. బయట నాలుగు వేలయితే మీరు రెండు వేలు తీసుకోండి, కానీ తీసుకోండి, రసీదు ఇవ్వండి, పదకొండు నెలల ఒప్పందం ఆమె పేరు మీదే రాయండి. తండ్రి సంతకం, భర్త పేరు అడగకండి. ఉచితంగా ఉంచుకుంటే ఆమె మీ దయమీద ఉన్న మనిషి అవుతుంది. మీ ముందు గట్టిగా తుమ్మడానికి కూడా ఆలోచిస్తుంది. అద్దె కడితే, కొళాయి కారుతోందని మీతో పోట్లాడుతుంది. ఆ పోట్లాట కోసం ఎదురుచూడండి, మీకు ఒళ్ళు మండినా సరే. తాళంచెవులు రెండూ ఆమెకే ఇవ్వండి. వన్ స్టాప్ సెంటర్లోనూ శక్తి సదన్లోనూ మీ పేరు చెప్పి ఉంచండి, పద్దెనిమిది దాటి, పని దొరికి, బయటికి వచ్చే పిల్లకు ఇంట్లో చోటుందని. రెండు గదులంటే ఇద్దరు. అంతకంటే వద్దు.

మొదట్లో కొన్ని వింతగా ఉంటాయి. చెప్పులు వేసుకునే పడుకోవచ్చు. గోడకు వీపు ఆనించి, తలుపు కనిపించేలా కూర్చునే అన్నం తినవచ్చు. సగం సంగటి ముద్ద గిన్నెలో మూతపెట్టి మంచం కింద దాచవచ్చు, చీమలు పట్టేదాకా మీకు తెలియదు. అబద్ధాలు చెబుతుంది, అవసరం లేనిచోట కూడా. ఇన్నాళ్ళూ అబద్ధమే ఆమెను దెబ్బల నుంచి కాపాడింది, ఒక్క రోజులో పోదు. ఏం జరిగిందో మీరు అడగవద్దు. పోలీసులు అడిగారు, డాక్టరు అడిగారు, లాయరు, కోర్టు, నాలాంటి కౌన్సెలర్లు అందరూ అడిగారు. సాయంత్రం మెట్లమీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే తనే ఎప్పుడో సగం వాక్యం చెబుతుంది. మీరు ఒలవడం ఆపకండి. ఆపి మొహంలోకి చూస్తే ఆ సగం వాక్యం అక్కడే ఆగిపోతుంది.

వీధిలో అడిగేవాళ్ళకు "అద్దెకున్నారు" అంటే చాలు, అది నిజం కూడా. చదువు మీద మనసుంటే ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టించండి. అక్కడ మీకు నేను చెప్పవలసింది లేదు.

మళ్ళీ మీ శిష్యురాలి దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఆమెకు గది కంటే ముందు తేదీ కావాలి. భోగి నాడు పుట్టిందని మీకు గుర్తుంది, ఆమె తల్లికి గుర్తుంది. కోర్టు చూసేది బడి రికార్డు. మన పల్లెల్లో సగం మంది పిల్లలు జూన్‌లోనే పుడతారని మీకు నేను చెప్పాలా? బడిలో చేర్చుకునే రోజున వయసు సరిపోయేలా ఒక తేదీ వేసేవాళ్ళం కదా. ఆ పిల్లకు రిజిస్టరులో ఏ తేదీ పడిందో చూడాలి. ఆమె పుట్టిన భోగికి ముందరి జూన్ పడి ఉంటే గడువు ఇప్పటికే దాటిపోయి ఉంటుంది, అప్పుడు నేరుగా గృహహింస చట్టం కిందికి వెళ్ళాలి. తర్వాతి జూన్ అయితే ఇంకొన్ని నెలల సమయం దొరుకుతుంది. భోగి నాడే ఉంటే నాలుగు నెలలకు మించి లేదు, అందులో పిటిషన్ రాయించడానికే కొన్ని వారాలు పోతాయి.

దసరా సెలవులు ఇచ్చేస్తే బడి మూసేస్తారు. అంతకు ముందే ఒక ఉదయం వెళ్ళి, పాత ప్రవేశ రిజిస్టరు తీయించండి. ఎందుకని అడిగితే పాత పిల్లల జాబితా కావాలనండి, ఏ పిల్లదో చెప్పకండి. తేదీ చూసుకుని, ఆమె ఈసారి పాల కేంద్రం నుంచి ఫోను చేసినప్పుడు మిగతావన్నీ పక్కన పెట్టి ఆ ఒక్క తేదీ చెప్పండి.